పాత లారీ రేడియేటర్: పారేయాలా, బాగుచేయించాలా?

ప్రశ్న: నమస్తే సార్. మా తాతగారు కొన్న 1966 టాటా మెర్సిడెస్ లారీ ఇంకా మా షెడ్డులోనే ఉంది, ఈమధ్యే బాడీ పని, పెయింటు అన్నీ చేయించాం. ఖాళీ బండితో కాస్త దూరం పోగానే హీటెక్కిపోతోంది, రేస్ చేస్తే క్యాప్ దగ్గర్నుంచి తుప్పునీళ్లు చిమ్ముతున్నాయి. రేడియేటర్ జామైంది, తీసి పారేసి అల్యూమినియంది పెట్టిద్దాం అంటున్నాడు మెకానిక్. ఇన్నాళ్లూ బోరు నీళ్లే పోశాం, ఒకసారి లీకైతే డ్రైవరు పసుపు కూడా వేశాడు. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, మార్కాపురం)

జవాబు: పారేయకండి. అల్యూమినియం చెడ్డదని కాదు గానీ మీ బండి టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) వాళ్లు డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు చేసిన కాలంది, 1954లో మొదలై 1969 దాకా నడిచిన ఒప్పందం అది, అప్పటి రేడియేటర్ అంటే ఇత్తడి ట్యూబులు, రాగి ఫిన్స్ (ట్యూబుల మధ్య ఉండే పల్చటి రేకులు), ఇత్తడి ట్యాంకులు, అన్నీ టాకా (సోల్డరింగ్) వేసి అతికించినవే కాబట్టి విప్పి మళ్లీ అతికించొచ్చు. పైగా పాత రాగి, ఇత్తడి తూకానికి మంచి డబ్బే వస్తుంది, పారేయమన్నాయన ఎక్కడ పారేస్తాడో కూడా ఓసారి అడగండి!

మీ వైపు నీళ్లంటే అందరూ ఫ్లోరైడ్ అంటారు, ట్యూబుల్ని పూడ్చేది మాత్రం అది కాదు, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం, వేడికి అవి గీజర్ రాడ్డు మీద పట్టినట్టే తెల్లగా గట్టిగా పట్టేస్తాయి. దానికి ఇంజన్ బ్లాక్ తుప్పు తోడు. ఇక పసుపు, రోడ్డు మీద లీకు ఆపి ఇంటికి చేర్చడానికి పాత డ్రైవర్ల చిట్కా అది, నేనేం తప్పుపట్టను, కానీ చిల్లు ఏదో ట్యూబు ఏదో దానికి తెలీదు కదా, రెండింటినీ మూస్తుంది. తర్వాత కడిగించాల్సింది.

రేస్ చేస్తే చిమ్ముతోందన్నారు, అక్కడే సగం తెలిసిపోతోంది. పంపు పైకి తోసినంత వేగంగా నీళ్లు ట్యూబుల్లోంచి కిందికి దిగట్లేదు, టాప్ ట్యాంకు నిండి పొంగుతోంది. అయినా ఖర్చు పెట్టేముందు ఒకటి చూడండి, బండి చల్లగా ఉన్నప్పుడు క్యాప్ తీసి స్టార్ట్ చేయండి, టాప్ ట్యాంకులో ఆగకుండా బుడగలొస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) మీద అనుమానపడాలి, అప్పుడు రేడియేటర్ ఎన్ని మార్చినా దండగే. బుడగల్లేకపోతే బండి వేడెక్కాక ఆపేసి, ఫ్యాన్ ఆగాక, ఆ లేజర్ టెంపరేచర్ గన్నుతో కోర్ (ట్యూబులు, ఫిన్స్ ఉన్న మధ్య భాగం) అంతా కొట్టి చూడండి, మధ్యలో చల్లగా ఉన్న చోట ట్యూబులు మూసుకున్నట్టే.

అప్పుడు మందులు పోసి టైం వేస్ట్ చేయొద్దు. నిమ్మ ఉప్పు లాంటివి పల్చటి పొరకి పనిచేస్తాయి గానీ పూర్తిగా మూసుకున్న ట్యూబులోకి నీళ్లే పోవు, మందెలా పోతుంది, తెరిచి ఉన్నవాటినే మళ్లీ మళ్లీ కడుగుతుంది. బాత్రూం కడిగే యాసిడ్ అసలే పోయొద్దు, ఇత్తడినీ టాకానీ తినేస్తుంది. బెజవాడ ఆటోనగర్ లాంటి చోట రేడియేటర్ పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్తే టాప్ ట్యాంకు టాకా కరిగించి ఊడదీసి, ఒక్కో ట్యూబులోకీ సన్నటి బద్ద దూర్చి పూడిక తీసి, మళ్లీ అతికించి, గాలి పట్టి నీళ్ల తొట్టిలో ముంచి లీకులు చూస్తారు. ట్యూబులు చాలావరకు పల్చబడి పగులుతుంటే కోర్ ఒక్కటే కొత్తది వేయించి మీ పాత ట్యాంకులే పెట్టించండి, ముందు నుంచి చూస్తే బండి రూపం మారదు. ఫిన్స్ మరీ దగ్గర దగ్గరగా ఉన్న కోర్ తీసుకోవద్దు, ఆ పాత ఫ్యాన్ అందులోంచి గాలి లాగలేదు.

అసలు అందరూ మర్చిపోయేది బ్లాక్. తుప్పు పుట్టేదే అక్కడ, రేడియేటర్ దించినప్పుడే బ్లాక్ డ్రెయిన్ కాక్ (నీళ్లు దించే కుళాయి) తీసి ఎదురు దిశలో నీళ్లు కొట్టి కడిగించండి, లేదంటే కొత్త కోర్ కూడా మళ్లీ పూడుకుపోతుంది. మొదట్లో కొన్నాళ్లు పై హోస్ మూతిలో, రేడియేటర్‌లోకి వెళ్లే చివర, సన్న జాలీ పెట్టి అప్పుడప్పుడూ తీసి శుభ్రం చేయండి. ఆ తర్వాత బోరు నీళ్లు బంద్, డిస్టిల్డ్ వాటర్‌లో రాగి రేడియేటర్లకి పనికొచ్చే పాతరకం పచ్చ కూలెంట్ సగానికి సగం కలిపి పోయండి. దించిన కూలెంట్ బకెట్టు వాకిట్లో వదలొద్దు, తియ్యగా ఉంటుందని కుక్కలు, పశువులు తాగుతాయి, అది విషం.

ప్రశ్న: ఎక్కువ ప్రెషర్ క్యాప్ పెడితే పాత బండి మరగదంటున్నారు, నిజమేనా? (మరో పాఠకుడు, ఖమ్మం)

జవాబు: క్యాప్ ప్రెషర్ ఒక పీఎస్ఐ (ఒత్తిడి కొలత) పెంచితే మరిగే పాయింటు సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరిగే మాట నిజమే, కానీ ఆ ఒత్తిడంతా ఏళ్లనాటి టాకా మీద, హోసుల మీద పడుతుంది, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఊడుతుంది. బండికి మొదట ఏ రేటింగ్ ఉందో అదే పెట్టండి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) పీకేసే అలవాటు కూడా వద్దు, డీజిల్ ఇంజన్ చల్లగా నడిస్తే పొగ, అరుగుదల రెండూ పెరుగుతాయి. అనుమానముంటే దాన్ని గిన్నెలో నీళ్లలో వేసి కాచండి, మీద కొట్టిన డిగ్రీ దగ్గర తెరుచుకోవడం మొదలైతే బాగున్నట్టు, నీళ్లు మరుగుతున్నా తెరుచుకోకపోతే కొత్తది కొనండి.