లాబీలో మెషిన్ పెట్టారు, మమ్మల్ని రావద్దన్నారు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది తిరుపతి. ఇక్కడ ఒక హోటల్లో ఫ్రంటాఫీసులో 7 ఏళ్ళ నుంచి చేస్తా ఉండాను. రెండు నెలల కింద లాబీలో చెకిన్ మెషిన్ పెట్టినారు, ఫోన్ బుకింగులకేమో వాట్సాప్‌లో దానంతట అదే బదులిచ్చే బాట్ పెట్టినారు, ఇప్పుడు నలుగురు ఉండే చోట ఒకడు చాలంట. నన్నూ ఇంకో ఇద్దర్నీ వచ్చే నెల నుంచి రావద్దంటా ఉండారు. రిజైన్ లెటర్ రాసిస్తే ఈ నెల జీతం వెంటనే వేస్తారంట. రాసియ్యమంటావా? అసలు ఈ లైనే వదిలేసి వేరే ఏదైనా చూసుకోమంటావా?

జవాబు: తమ్ముడూ, ఆ లెటర్ మాత్రం రాయొద్దు. మిగతావన్నీ తర్వాత.

వాళ్ళు లెటర్ ఎందుకు అడుగుతున్నారో చెప్తా విను. 5 ఏళ్ళు దాటింది కాబట్టి నువ్వే మానేసినా గ్రాట్యుటీ, అంటే ఏళ్ళ తరబడి చేసినందుకు మానేటప్పుడు ఇచ్చే డబ్బు, ఎక్కడికీ పోదు. కానీ వాళ్ళు తీసేస్తే ఇంకో రెండు ఇవ్వాల్సొస్తుంది, ఒక నెల ముందు నోటీసు లేదా నెల జీతం, ఆ పైన చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం పరిహారం. నువ్వంతట నువ్వే మానేశానని రాసిస్తే ఈ రెండూ గోవిందా. ఈ నెల జీతం అంటావా, అది నువ్వు పనిచేసిన డబ్బు, అదేదో బహుమానంలా చూపిస్తున్నారు.

లెక్క వేసుకో. నీ జీతం ఎంతో రాయలేదు కాబట్టి బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 13,000 అనుకుందాం. గ్రాట్యుటీకి నెలని 26 రోజులుగా కొడతారు, రోజుకి 500, 15 రోజులకి 7,500, ఏడేళ్ళకి 52,500. పరిహారం కూడా ఇంచుమించు ఇంతే ఉంటుంది. అంటే ఒక్క సంతకానికి దగ్గర దగ్గర యాభై వేలు పోగొట్టుకుంటావు, నోటీసు జీతం కాకుండా.

ఇంకోటి చాలామందికి తెలీదు, మెషిన్లు తెచ్చి దానివల్ల మనుషుల్ని తగ్గించే పనైతే 21 రోజుల ముందే వర్కర్లకి రాతపూర్వకంగా చెప్పాలని పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ఉంది, 2025 నవంబర్‌లో దాని చోట అమల్లోకొచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంచారు. ఆ ఉంచుకున్న ఒక్కడు నీకన్నా జూనియరా? అయితే అది కూడా అడుగు, ఎందుకంటే మామూలుగా చివర చేరినవాణ్ణి ముందు తీయాలి, కాదంటే కారణం రాయాలి. నీ అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, ఏడేళ్ళ షిఫ్ట్ చార్టుల్లో దొరికినన్ని ఫోటోలు తీసిపెట్టుకో, ముగ్గురూ కలిసి లేబర్ ఆఫీసుకి వెళ్ళండి. ఒక్కడివే వెళ్తే వేరేలా ఉంటుంది.

ఇక లైన్ వదలడం సంగతి. నేను కూడా కొన్నాళ్ళు మీ ఊళ్ళోనే చేశా, నేను మానేసే ముందు మా లాబీలోనూ ఒక మెషిన్ నిలబెట్టారు. తెల్లారుజామున మూడింటికి ఒక కుటుంబం దిగింది, పదకొండు మంది, పెద్దాయన గుండు మీద గంధం ఇంకా తడారలేదు. ఆయన ఆధార్‌కున్న నంబరు ఊళ్ళో కొడుకు దగ్గరుంది, ఓటీపీ అక్కడికెళ్ళింది, కొడుకేమో నిద్రలో ఫోనెత్తడు. సరే ముఖం చూపించమంది మెషిన్. ఫోటోలో ఆయనకి బోలెడంత జుట్టు, మీసం! నాలుగుసార్లు వంగి వంగి చూశాడు పాపం, ఆఖరికి మా నైట్ షిఫ్ట్ కుర్రాడే లేచొచ్చి రిజిస్టర్లో రాసుకుని, రెండు పరుపులు ఎక్స్‌ట్రా వేయించి, వేడినీళ్ళు ఎన్నింటికొస్తాయో చెప్పి పంపించాడు. తర్వాత ఆ వివరాలు మెషిన్లో ఎక్కించింది కూడా వాడే కాబట్టి నెలాఖరు రిపోర్టులో ఆ చెకిన్ మెషిన్ ఖాతాలో పడింది. ఆ రిపోర్టు చూసి మా ఓనరు ఇద్దర్ని తీసేశాడు.

అందుకే నేనంటా, సగం చోట్ల మెషిన్ పనేం చెయ్యట్లేదు, మన పని తీసి కస్టమర్ నెత్తిన పెడుతోంది, కస్టమర్ చేసుకోలేకపోతే మిగిలిన ఆ ఒక్కడి నెత్తిన.

జపాన్‌లో నాగసాకి దగ్గర హెన్నా హోటల్ అని 2015లో తెరిచారు, రిసెప్షన్లో డైనోసార్ రోబో, సామాన్లు మోయడానికి రోబో, గదిలో మాట్లాడే బొమ్మ. ఆ బొమ్మ ఏం చేసేదంటే గెస్ట్ గురక పెడితే తననేదో అడుగుతున్నారనుకుని మీరన్నది అర్థం కాలేదు అని లేపేసేది. 2019 కల్లా ఉన్న 243 రోబోల్లో సగానికి పైగా తీసేశారు. అలాగని సంబరపడకు, తీసేసింది బొమ్మల్ని, బుకింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ తియ్యలేదు. ఫోనెత్తడం, రేటు చెప్పడం, బిల్లు కొట్టడం, ఇవి తిరిగి రావు తమ్ముడూ, అది ఒప్పుకోవాల్సిందే. గది ఊడ్చి దుప్పటి మార్చే పని మాత్రం ఇప్పటికీ మనిషిదే. మనం టై కట్టుకుని దర్జాగా నిలబడిన కౌంటరే ముందు పోయింది చూడు.

లాస్ వేగాస్‌లో హోటల్ వర్కర్ల యూనియన్ వాళ్ళు 2023లో సమ్మె అంచుదాకా వెళ్ళి ఒప్పందంలో రాయించుకున్నారు, టెక్నాలజీ వల్ల ఉద్యోగం పోతే చేసిన ప్రతి ఏడాదికీ 2 వేల డాలర్లు ఇవ్వాలని. మన దగ్గర ముగ్గురు కలిసి లేబర్ ఆఫీసుకెళ్ళడమే గొప్ప.

నువ్వైతే బాంకెట్ సేల్స్, ట్రావెల్ డెస్క్ వైపు చూడు. పెళ్ళివాళ్ళతో బేరం ఆడటం ఏ బాట్‌కీ రాదు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ అయిపోయింది, హోటల్ మేనేజ్‌మెంట్ చేస్తానంటోంది. ఇవన్నీ చూస్తుంటే భయంగా ఉందండీ. (ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: చేయించండమ్మా, కానీ ఫ్రంటాఫీసు ఒక్కటే కల పెట్టుకోవద్దనండి. కిచెన్, బేకరీ పట్టుకుంటే మంచిది. ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అనే హోటల్ మేనేజ్‌మెంట్ ఎంట్రెన్స్ రాస్తే హైదరాబాద్ విద్యానగర్‌లోని ఐహెచ్ఎం లాంటి ప్రభుత్వ కాలేజీల్లో సీటుకి ప్రయత్నించొచ్చు. ప్రైవేట్ కాలేజీ అయితే ఫీజు కట్టేముందు సీనియర్ పిల్లల్ని పక్కకి పిలిచి ట్రైనింగ్‌కి ఏ హోటల్‌కి పంపారు, అక్కడ పొయ్యి దగ్గర నిలబెట్టారా, నెలల తరబడి ఉల్లిపాయలు కోయించి పంపేశారా అని అడగండి.