పాత వాలిడేషన్ ప్లాన్‌లో పేర్లు మార్చి ఇచ్చేస్తే సరిపోతుందా?

ఫార్మాలో క్యూఏకి (నాణ్యత చూసే విభాగం) కొత్తగా వచ్చారట, మందులో ఏముందో, ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషిన్ సాఫ్ట్‌వేర్‌కి వాలిడేషన్ ప్లాన్ (అది సరిగ్గా పనిచేస్తుందని ఎలా నిరూపిస్తామో రాసే పత్రం) రాయమన్నారట, పాతదాంట్లో పేర్లు మార్చి ఇచ్చేస్తే చాలా అని అడిగారు. చాలు, ఏదో ఒకటి జరిగేదాకా.

నేను తిరుపతి నుంచి రోజూ కంపెనీ బస్సులో వెళ్లి పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నా. మా మామ మాత్రం నేను కంప్యూటర్లు రిపేరు చేస్తానని ఊరంతా చెప్పిపెట్టాడు, పండక్కి పోతే ఎవరో ఒకరు పాత ప్రింటర్ పట్టుకొస్తారు.

మేమూ మీలాగే చేశాం. ఇంకో యూనిట్ ప్లాన్ తెచ్చి పేరు మార్చాం. అరవై పేజీలు, మాకేం కావాలో రాసే యూఆర్ఎస్ నుంచి, సరిగ్గా పెట్టారా, పనిచేస్తుందా, రోజువారీ వాడకానికి నిలుస్తుందా అని చూసే ఐక్యూ, ఓక్యూ, పీక్యూ పరీక్షల దాకా అన్నీ ఉన్నాయి, సంతకాలు ఆరు. ఆ యూనిట్‌లో మెషిన్లన్నీ సర్వర్ నుంచి టైం తీసుకుంటాయి కాబట్టి వాళ్లు గడియారం గురించి ఒక్క ముక్కా రాసుకోలేదు. మా ల్యాబ్‌లోదేమో ఏ నెట్‌వర్కూ లేని ఒంటరి పీసీ. ఒక రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. బోర్డు మీది చిన్న బ్యాటరీ ఎప్పుడో అయిపోయినట్టుంది, పీసీ మళ్లీ లేచేసరికి తేదీ ఎక్కడో పాత సంవత్సరంలో ఉంది. నైట్ షిఫ్ట్ కుర్రాడు మంచి ఉద్దేశంతోనే సెల్ చూసి సరిచేశాడు, కానీ రాత్రి రెండుని మధ్యాహ్నం రెండు చేశాడు. పొద్దున ఇంకెవరో దాన్ని మళ్లీ సరిచేశారు, ఎవరికీ చెప్పలేదు.

నాలుగు నెలలకు కస్టమర్ ఆడిటర్ వచ్చి ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం చేశారో సాఫ్ట్‌వేర్ తనంతట తానే రాసుకునే చిట్టా) తెరిచాడు. మధ్యాహ్నం మూడింటికి చేసిన పరీక్షకి అదే రోజు పొద్దున తొమ్మిదింటికే రివ్యూ సంతకం! "పరీక్షకు ముందే ఫలితం తెలిసిపోతుందా మీకు?" అన్నాడు. కుర్రాడిని పిలిస్తే "అన్నా, టైం తప్పుగా ఉంటే సరిచేసినా, అంతే" అని బిక్కమొహం వేశాడు. వాడిని ఏమనాలి? ఎవరు పడితే వాళ్లు టైం మార్చేలా వదిలేసింది మేము. అమెరికా వాళ్ల పార్ట్ 11 (ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాల నిబంధన) అమల్లోకి వచ్చింది 1997లో, ఆడిట్ ట్రెయిల్‌లో టైం ముద్ర ఉండాలని అప్పటి నుంచే ఉంది. చివరికి మమ్మల్ని గట్టెక్కించింది లాగ్‌బుక్‌లో పెన్నుతో రాసిన "3.10 ఏఎం". మూడు వారాల విచారణ, బస్సు మిస్సయి నేను ఆటోలకు పోసిన డబ్బు వేరే లెక్క.

అందుకే చెప్తున్నా, పక్కవాళ్ల ప్లాన్ తెచ్చుకుంటే వాళ్ల రిస్కులు వస్తాయి, మీవి రావు. సాఫ్ట్‌వేర్ కూడికలు సరిగ్గా చేస్తుందా అని వంద స్క్రీన్‌షాట్లు తీస్తారు (ఈ స్క్రీన్‌షాట్ల పిచ్చి ఎవరు నేర్పారో గానీ), సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ వాడు ఆ పరీక్షలు ముందే చేసి అమ్ముతాడు, వాడి పత్రాలు సరిచూసి వాడుకోండి. 2022లో వచ్చిన గ్యాంప్ 5 (ఇలాంటి వాలిడేషన్‌కి మా రంగంలో వాడే గైడ్) రెండో ఎడిషన్ కూడా బుర్ర వాడమనే మొత్తుకుంటోంది. మీ తిప్పలు అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, టైం ఎవరు మార్చగలరు, బ్యాకప్ తిరిగి తెరుచుకుంటుందా అన్న చోట పడండి. బ్యాకప్ తీసేవాళ్లు బోలెడంతమంది, తెరిచి చూసినవాళ్లు నాకింకా కనబడలేదు.

ఒక రాత్రి షిఫ్ట్‌లో వెళ్లి నిలబడండి. యూజర్ల లిస్టు తీయించండి, ఎప్పుడో మానేసి వెళ్లినవాళ్ల లాగిన్లు అందులో ఇంకా పనిచేస్తుంటే ప్లాన్ అక్కడి నుంచే మొదలుపెట్టండి.