కాళ్లు లేని బల్లా, గుడ్డిపామా? ముందు తోక చూడండి

కొబ్బరి పాదు తవ్వుతుంటే కాళ్లు లేని, నల్లగా మెరిసే సన్నటి ప్రాణి బయటపడిందని మీరు ఫొటో పెట్టారు. మట్టిలో బతికే కాళ్లు లేని బల్లి జాతి ఒకటి కొత్తగా తేలిందన్న వార్త చదివి, ఇదీ అదేనేమోనని అడిగారు. నాకూ ఒకసారి ఇదే ఆశ పుట్టింది.

మాది అమలాపురం దగ్గర ఒక లంక. నాలుగేళ్ల కిందట తొలకరి పడ్డాక పెంటకుప్ప కదుపుతుంటే ఇలాంటిదే దొరికింది. దింపు తీయడానికి వచ్చినాయన "చెవిలో దూరుతుందండీ, చంపేయండి" అన్నారు. (దూరదు. చీమల గుడ్లు, చెదపురుగులు తిని బతికే ప్రాణి.) తెల్ల పింగాణీ పళ్లెంలో వేసి చూశాను. జానెడు కూడా లేదు, బాల్‌పెన్ను రీఫిల్ కన్నా కాస్త లావు. తలేదో తోకేదో తెలియలేదు. చేతిలోకి తీసుకుంటే చురుక్కుమంది. కరిచిందనుకుని వదిలేశాను. తీరా చూస్తే గుచ్చింది తోక! దాని కొసన చిన్న ముల్లు ఉంది. అంటే అది గుడ్డిపాము.

పొట్ట కింద అడ్డంగా వెడల్పాటి పొలుసులుంటే పాము, లేకపోతే బల్లి అని చాలామంది చెబుతారు. ఇక్కడ ఆ కొలత పనికిరాదు. గుడ్డిపాముకు ఒళ్లంతా ఒకే తీరు చిన్న పొలుసులే. కన్ను పొలుసు కింద నల్లటి చుక్కలా ఉంటుంది, రెప్ప ఉండదు. మలద్వారం దాదాపు శరీరం చివరే ఉంటుంది కాబట్టి తోక చాలా పొట్టి. కాళ్లు లేని నలికిరి (బల్లుల్లో ఒక రకం) జాతుల్లో మలద్వారం కొసకు బాగా ముందే ఉంటుంది. ఆ తర్వాత మిగిలేదంతా తోకే.

అన్నట్టు, మన గుడ్డిపాము ఏమంత కొత్తది కాదు. విశాఖపట్నంలో దొరికిన దాని బొమ్మను స్కాట్లండ్ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ 1796లోనే అచ్చువేశారు, అదీ 'రెండు తలల పాము' అన్న తెలుగు పేరుతో. 1803లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త డాడిన్ దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఈ జాతిలో అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. కుండీ మట్టితో పాటు ఒక్కటి ప్రయాణం చేసినా చాలు, కొత్తచోట సంతతి మొదలవుతుంది. ప్రపంచమంతా అలాగే పాకింది. కడియం నర్సరీల నుంచి ఎన్ని కుండీలు ఎన్ని ఊళ్లకు వెళ్తాయో ఆలోచించండి.

నిజంగా కాళ్లు లేని నలికిరులు మనకు దూరమేమీ కాదు. 1870లో బ్రిటిష్ సైనికాధికారి, ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ విశాఖ వైపు కొండల నుంచి అలాంటి ఒక నలికిరి, సెప్సోఫిస్‌ను వర్ణించారు. ఆ తర్వాత శతాబ్దానికి పైగా అది ఎవరి కంటా పడలేదు. 1917లో జంతుశాస్త్రవేత్త అన్నండేల్ ఒడిశాలోని చిలికా సరస్సులో ఉన్న బర్కుడా దీవి నుంచి ఇంకొకదాన్ని వర్ణించారు. మా లంకల్లో మాత్రం నేనింతవరకు ఒక్కటీ చూడలేదు.

అయినా కొత్త జాతి అనిపించుకోవాలంటే వింతగా కనిపిస్తే సరిపోదు. మ్యూజియంలో దాచిన పాత నమూనాల పక్కన పెట్టి పొలుసుల వరుసలు లెక్కపెడతారు, డీఎన్‌ఏ పోలుస్తారు. కాబట్టి సీసాలో స్పిరిటు పోసి ఊరబెట్టే పని పెట్టుకోకండి, తీసిన మట్టిలోనే వదిలేయండి. మీ ఫొటోలో తోక కొస మట్టిలో ఉండిపోయింది. మళ్లీ కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి తల ఒకటి, అడుగుభాగం ఒకటి, తోక కొస ఒకటి తీసి పెట్టండి, చూసి చెబుతాను.