విమానాల మోత మీద ఫిర్యాదు చేస్తే ఫలితం ఉంటుందా?

ఇల్లు కొన్నప్పుడు లేని విమానాల రొద ఏడాదిగా మొదలైందని, ఎయిర్‌పోర్టుకు రాస్తే "అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి" అని జవాబు వచ్చిందని, ఇంక ఏం చేయగలమని మీరు అడిగారు. ఆ జవాబు నాకూ వచ్చింది. రెండుసార్లు, అక్షరం తేడా లేకుండా.

ఓ పెద్ద ఎయిర్‌పోర్టుకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, సరిగ్గా విమానాలు దిగే దారి కింద ఆరేళ్లు ఉన్నాం. మామూలుగా 3 డిగ్రీల వాలులో దిగుతాయి కాబట్టి మా డాబా మీదికి వచ్చేసరికి ఎత్తు సుమారు 470 మీటర్లు. చాలా విమానాలు చక్రాలు దించేది కూడా ఆ చుట్టుపక్కలే. అప్పటిదాకా సన్నగా ఉన్న చప్పుడు ఒక్కసారిగా గరగరమని బొంగురుగా మారేది. అలమరలో గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతుంటే మా ఆవిడ వాటి మధ్య చేతిరుమాలు దూర్చి పెట్టేది.

మొదట నేను చేసిన పొరపాటు, శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలిచే యాప్ ఫోన్‌లో వేసుకుని ఎయిర్‌పోర్టు వాళ్ల మీటింగ్‌కు వెళ్లడం. "మీ ఫోన్ క్యాలిబ్రేట్ చేయించారాండీ?" అని, అంటే కొలత సరిగ్గా ఉందని సరిచూపించారా అని, అక్కడి అధికారి మర్యాదగానే అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. తర్వాత మ్యాప్ చూపించారు. శబ్ద పరిధి గీత మా ఇంటికి రెండు వీధుల అవతల ఆగిపోయింది. మేం 'బయట' ఉన్నామట.

ఆ గీత ఎలా గీస్తారో తెలిశాకే నాకు అసలు సంగతి అర్థమైంది. అది ఏ ఒక్క విమానం మోతా కాదు, ఏడాది పొడవునా పడ్డ శబ్దానికి సగటు. డెసిబెల్ లెక్క మామూలు కూడికలాంటిది కాదు. విమానాల సంఖ్యను సగానికి తగ్గించినా సగటు తగ్గేది 3 డెసిబెల్సే. దీన్నే తిరగేసి చూడండి: కొత్త విమానాలు ఒక్కోటి 3 డెసిబెల్స్ తక్కువ మోత చేస్తే, వాటి సంఖ్య రెట్టింపు చేసినా మ్యాప్ మీద గీత కదలదు. నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడికి మాత్రం లేవాల్సిన సార్లు రెట్టింపవుతాయి. "పరిమితుల్లోనే ఉన్నాయి" అన్నది అబద్ధం కాదు, మనం అడిగిన దానికి జవాబూ కాదు. పైగా ఏ పరిమితి అన్నది కూడా చూడాలి. అమెరికాలో విమాన శబ్దానికి గీటురాయి ఎన్నో ఏళ్లుగా 65 డెసిబెల్స్ సగటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది మొత్తం రోజుకు 45, రాత్రికి 40. కొలిచే పద్ధతుల్లో కొద్దిగా తేడా ఉంది కానీ, ఇంత దూరం దానివల్ల వచ్చింది కాదు.

ఇదే లెక్కలో మనకు పనికొచ్చే మెలిక ఒకటుంది. రాత్రి విమానానికి 10 డెసిబెల్స్ అదనంగా కలుపుతారు. అంటే వాళ్ల లెక్కలోనే రాత్రి ఒక్క విమానం పగటి పది విమానాలతో సమానం. అందుకే నేను "శబ్దం తగ్గించండి" అనడం మానేసి, రాత్రి 11 దాటాక ఎన్ని దిగాయి, వాటిలో షెడ్యూల్ ప్రకారం వచ్చినవెన్ని, ఆలస్యంగా వచ్చినవెన్ని అని నెలనెలా అడగడం మొదలుపెట్టాను. మూడో నెలకు తేలింది, దాదాపు రోజూ ఆలస్యమయ్యేది ఒకే సర్వీసు అని. అది మొదటి నుంచీ 'ఆలస్యం' ఖాతాలో ఉండటం వల్ల ఎవరి కంటా పడలేదు. తర్వాతి సీజన్‌లో అది గంటన్నర ముందే దిగేలా టైమ్ మార్చారు. మా వల్లే అని చెప్పను. కానీ జరిగింది.

పూర్తిగా కర్ఫ్యూ, అంటే రాత్రిపూట విమానాలపై నిషేధం, పెట్టించడం మాత్రం చాలా కష్టం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2001లో ఆమోదించిన పద్ధతి ప్రకారం ముందు విమానాల మోతనే తగ్గించడం, భూమి వాడకంలో జాగ్రత్త, ఎగిరే, దిగే పద్ధతుల్లో మార్పులు చూడాలి. ఆంక్షలను మొదటి మందుగా వాడకూడదు. అయినా ఉన్నచోట ఉంది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011 నుంచి రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా షెడ్యూల్ విమానాలు లేవు. సిడ్నీలో రాత్రి 11 నుంచి 6 దాకా 1995 చట్టంతో కర్ఫ్యూ ఉంది, కొద్దిపాటి మినహాయింపులతో. నాకు ఎక్కువ నచ్చింది లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టులో చేసేది. పడమటి వైపుగా ఎగిరే రోజుల్లో మధ్యాహ్నం 3 గంటలకు దిగే రన్‌వే మారుస్తారు. మోత తగ్గదు, కానీ ఏ పూట ఉండదో ముందే తెలుస్తుంది. అలాంటి సగం రోజు విలువ దాని కింద బతికినవాళ్లకే తెలుస్తుంది.

మీ విషయంలో "ఏడాదిగా" అన్న మాట దగ్గర నేను ఆగాను. ఇది ట్రాఫిక్ పెరగడం కాకపోవచ్చు, దారి మారి ఉండొచ్చు. ఉపగ్రహ నావిగేషన్ వచ్చాక ఇదివరకు వెడల్పుగా చెదిరి వెళ్లే విమానాలు సన్నటి గీత మీద ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. ఊరంతా పంచుకున్న మోత ఇప్పుడు కొన్ని వీధుల పాలైంది. అమెరికాలోని ఫీనిక్స్‌లో 2014లో ఇలాగే దారులు మారిస్తే నగరమే కోర్టుకెక్కింది. 2017లో తీర్పు నగరానికి అనుకూలంగా వచ్చింది, ప్రజలను సరిగ్గా సంప్రదించలేదని కూడా కోర్టు తప్పుపట్టింది.

కాబట్టి తర్వాతి ఉత్తరంలో డెసిబెల్స్ ఊసెత్తకండి. మా ప్రాంతం మీదుగా వెళ్లే దారి ఏ తేదీన మారింది, మార్చమని ఎవరు నిర్ణయించారు, అంతకుముందు ఎవరిని అడిగారు, మారకముందు ఒక నెల, మారాక ఒక నెల రాడార్ ట్రాకులు ఇవ్వగలరా అని నాలుగు వాక్యాలు రాయండి. దారులు సాధారణంగా ఎయిర్‌పోర్టు చేతిలో ఉండవు, విమానాలకు దారి చూపే ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్), విమానయాన నియంత్రణ సంస్థల దగ్గర ఉంటాయి. ఒక ప్రతి వాళ్లకూ పంపండి. లేకపోతే ఏడాదంతా "అది మా పరిధిలో లేదు" అనే ఉత్తరాలే అందుకుంటారు, నాలాగా.