తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇంగ్లీషు పర్యాయపదాలను ఎలా సాధన చేయాలి?

రోజుకు నలభై ఇంగ్లీషు మాటలను తెలుగు అర్థాలతో కంఠస్థం చేస్తున్నా, వారం తిరిగేసరికి సగానికి పైగా మరచిపోతున్నానని రాశారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు డిగ్రీ అర్హతతో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే సీజీఎల్ (కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్) పరీక్షకు ఈ పద్ధతి పనికివస్తుందా అని అడిగారు. నేను డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివి, ఇదే పరీక్షను మూడుసార్లు రాసి, మూడోసారి ఉద్యోగం సంపాదించుకున్నాను. మొదటి ప్రయత్నంలో నేను చేసినది కూడా సరిగ్గా మీరు చేస్తున్నదే కనుక, అది ఎక్కడ దెబ్బతీసిందో ముందుగా చెబుతాను.

ఆ రోజుల్లో హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో ఉదయం నుంచి రాత్రి వరకు చదువుకునేవాడిని. శిక్షణ కేంద్రంలో ఇచ్చిన మూడు వేల మాటల జాబితాను నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను. పలకడం సులువుగా ఉంటుందని ఎడమవైపు ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలోనూ, కుడివైపు ఒకే ఒక్క తెలుగు అర్థాన్నీ రాసేవాడిని. ఇందులో రెండు పొరపాట్లు ఉన్నాయని పరీక్ష రాసిన తరువాతే తెలిసింది.

మొదటిది లిపికి సంబంధించినది. 'ఇమినెంట్' అంటే త్వరలో జరగబోతున్నది, 'ఎమినెంట్' అంటే పేరుప్రతిష్ఠలు గలది. మొదటిదాని ఆరంభంలో 'ఐ' ఉంటే రెండోదానిలో 'ఈ' ఉంటుంది. తెలుగు లిపిలో మాటలు నేర్చుకున్న నా కంటికి ఆ అక్షరాల రూపం ఎన్నడూ అలవాటు కాలేదు. పరీక్ష హాలులో తెర మీద ఆ మాట కనిపించినప్పుడు రెండింటిలో ఏది ఏదో తేల్చుకోలేక ఊహించి గుర్తు పెట్టాను. అక్షరదోషాల ప్రశ్నల్లోనూ ఇదే నష్టం జరిగింది. అందువల్ల మీ పుస్తకంలో ఇంగ్లీషు మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి, రాసేటప్పుడు పైకి పలకండి.

రెండో పొరపాటు అంతకన్నా లోతైనది. నా జాబితాలో 'ఫ్రూగల్' అన్నా 'మైజర్లీ' అన్నా పొదుపరి అనే ఉండేది, 'ఫేమస్' అన్నా 'నొటోరియస్' అన్నా ప్రసిద్ధి చెందిన అనే ఉండేది. కానీ మొదటి జంటలో ఒకటి మెచ్చుకోలు, మరొకటి పిసినారి అనే నింద. రెండో జంటలో నొటోరియస్ అన్నది చెడ్డపేరుతో మారుమోగినవాడికే చెల్లుతుంది. మన భాషలో పొదుపరిని పిసినారి అంటే ఆయన నొచ్చుకుంటాడని మనకు ఎవరూ నేర్పనవసరం లేదు. ఇంగ్లీషు మాట విషయంలో ఆ ఎరుక కలగాలంటే మాటను వాక్యంలో చూడవలసిందే. ప్రశ్నపత్రం తయారుచేసేవారు నాలుగు ఐచ్ఛికాల్లో రెండింటిని దగ్గర దగ్గర అర్థాలతోనే ఇస్తారు కనుక, ఒక్క మాట అర్థంతో సరిపెట్టుకున్నవారు సరిగ్గా అక్కడే తడబడతారు. సీజీఎల్ మొదటి అంచెలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు, ఒక్కో తప్పుకు అర మార్కు కోత. రెండో అంచెలో నేను రాసిన కాలంలో ఇంగ్లీషుకే 200 ప్రశ్నల విడి పేపరు ఉండేది. ఇప్పుడు 45 ప్రశ్నలకు 135 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. కాబట్టి సగం తెలిసిన మాట పూర్తిగా తెలియని మాటకన్నా ప్రమాదకరం. తెలియనిదాన్ని వదిలేస్తాము, సగం తెలిసినదాన్ని ధైర్యంగా తప్పు పెడతాము.

రెండో ఏడాది ఆ జాబితాను పక్కనపెట్టి, పాత ప్రశ్నపత్రాలనే పాఠ్యపుస్తకంగా చేసుకున్నాను. ఒక పర్యాయపదం ప్రశ్నలో అడిగిన మాట ఒకటి, ఐచ్ఛికాలు నాలుగు, మొత్తం అయిదు మాటలు ఉంటాయి. చాలామంది సరైన జవాబును చూసి ముందుకు పోతారు, మిగిలిన మూడు మాటలను పట్టించుకోరు. నా అనుభవంలో ఒక ఏడాది తప్పు ఐచ్ఛికంగా వచ్చిన మాట తరువాతి పత్రాల్లో ప్రశ్నగా ఎదురుపడటం ఎన్నోసార్లు చూశాను. చేయవలసిన తీరు ఇది: ఐచ్ఛికాలను కాగితంతో కప్పి, అడిగిన మాటకు మీకు తోచిన అర్థాన్ని ముందు మీరే రాయండి, ఆ తరువాతే కాగితం తీయండి. ఐచ్ఛికాలను చూసి గుర్తుపట్టడం వేరు, ఏ ఆధారమూ లేకుండా జ్ఞాపకం నుంచి తెచ్చుకోవడం వేరు. మాట మనసులో నిలిచేది రెండో దానివల్లనే. ఆ పైన ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు తెరిచి, అయిదు మాటలకూ ఒక్కో ఉదాహరణ వాక్యం చదివి, మీ ఇంటికో ఊరికో సంబంధించిన సొంత వాక్యం ఒకటి రాయండి. 'ప్రాడిగల్' అనే మాటకు, వచ్చిన జీతమంతా పది రోజుల్లో ఖర్చు చేసే మా బంధువు ఒకరి మీద రాసుకున్న వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది, దుబారా మనిషి అనే అర్థాన్ని మళ్ళీ ఎప్పుడూ చూసుకోవలసిన అవసరం రాలేదు.

మన పూర్వులు శ్లోకాల్లో ఉన్న సంస్కృత నిఘంటువైన అమరకోశాన్ని వల్లె వేసి వేల పర్యాయపదాలను నోటికి తెచ్చుకున్నారు కదా, మనకెందుకు సాధ్యం కాదని మీకు అనిపించవచ్చు. అక్కడ శ్లోకం నడక ఒక మాట నుంచి మరో మాటకు చేయి పట్టుకుని తీసుకుపోయేది, పైగా స్వర్గం, భూమి, వృక్షాలు అంటూ విషయాలవారీగా వర్గాలు ఉండేవి. అకారాది క్రమంలో ఉన్న జాబితాకు ఆ రెండు ఊతాలూ లేవు. అందుకే నేను నా మాటలను కోపం, మొండితనం, పొగడ్త, వాచాలత్వం వంటి శీర్షికల కింద మార్చి రాసుకున్నాను. ఒక్కో శీర్షికలో తక్కువ తీవ్రత గల మాటను పైన, ఎక్కువ తీవ్రత గల మాటను కింద పెట్టాను.

ధాతువుల సహాయం కూడా తీసుకోండి. తెలుగు చదువుకున్న మనకు ఇది కొత్త విద్య కాదు. 'హారం' ముందు ఉపసర్గ మారితే ఆహారం, విహారం, సంహారం, పరిహారం అవుతాయని చిన్నప్పుడే విన్నాము. లాటిన్‌లో చూడటం అనే అర్థమిచ్చే 'స్పెక్ట్' కూడా అంతే. లోనికి చూస్తే 'ఇన్‌స్పెక్ట్', వెనక్కి చూస్తే 'రెట్రోస్పెక్ట్', చుట్టూ చూసుకుని అడుగు వేసేవాడు 'సర్కమ్‌స్పెక్ట్', అంటే జాగరూకుడు. పదవి కోరే రోమనులు తెల్లని వస్త్రం ధరించి ప్రజల ముందుకు వచ్చేవారట, తెలుపు అనే అర్థమున్న ఆ లాటిన్ మాట నుంచే 'క్యాండిడేట్' వచ్చింది, దాపరికం లేని మాటతీరును చెప్పే 'క్యాండిడ్' కూడా అక్కడి నుంచే వచ్చింది. అయితే ధాతువును గుడ్డిగా నమ్మకూడదు. 'ఇన్‌వాల్యుబుల్' అంటే విలువలేనిది కాదు, వెలకట్టలేనంత విలువైనది. 'ఎనర్వేట్' వినడానికి శక్తినిచ్చేదిలా ఉన్నా దాని అర్థం నీరసపరచడం.

మీరు గమనించని మూలధనం ఒకటి మీ చేతిలోనే ఉంది, అది తెలుగు దినపత్రిక. 'క్వాష్ పిటిషన్' అన్న వార్త చదివినవారికి క్వాష్ అంటే కొట్టివేయడమని ముందే తెలుసు, దాని పక్కన అదే అర్థమున్న 'అన్నల్', 'నలిఫై' చేర్చుకుంటే చాలు. నిందితుడు 'అబ్‌స్కాండింగ్'లో ఉన్నాడంటే చట్టానికి చిక్కకుండా పరారయ్యాడని తెలుసు. 'ఎక్స్‌గ్రేషియా' అంటే హక్కుగా కాక దయతో ఇచ్చే సొమ్ము. అందులోని గ్రేషియాకు చుట్టాలే 'గ్రాట్యుటీ', కృతజ్ఞత అని చెప్పే 'గ్రాటిట్యూడ్', ఉచితమని చెప్పే 'గ్రాటిస్'. నేను ఇలాంటి మాటలను దాదాపు రెండు వందల వరకు ఏరుకున్నాను. అవి ఒక్కటి కూడా మరుపుకు రాలేదు. ఇంగ్లీషు పత్రిక సంపాదకీయాలతోనే మొదలుపెట్టమని అందరూ చెబుతారు కానీ, మొదటి రెండు నెలలు అది మనవంటివారిని నిరుత్సాహపరుస్తుందని నా అభిప్రాయం. ఒకే వార్తను ముందు తెలుగులో, వెంటనే ఇంగ్లీషులో చదవండి. విషయం ముందే తెలిసి ఉంటుంది కనుక కొత్త మాట అర్థం సందర్భం నుంచే అందుతుంది. బ్యాంకు పరీక్షలు కూడా రాసే ఆలోచన ఉంటే ఈ అలవాటు మరింత అవసరం, ఎందుకంటే అక్కడ పదజాలాన్ని గద్యభాగాల్లోనూ ఖాళీలు పూరించే ప్రశ్నల్లోనూ పరీక్షిస్తారు.

మరపు గురించి. ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు 1885లోనే, నేర్చుకున్న తొలి గంటల్లో మరపు వేగంగా ఉండి ఆ తరువాత నెమ్మదిస్తుందని తన మీద తానే పరీక్షలు చేసుకుని చూపించాడు. కాబట్టి మీకు జరుగుతున్నది మీ తెలివికి సంబంధించిన లోపం కాదు. నేను అట్టముక్కలకు ఒకవైపు మాట, మరోవైపు వాక్యం రాసి, అయిదు అరల పెట్టెలో పెట్టుకున్నాను. సరిగ్గా చెప్పగలిగిన మాట తరువాతి అరకు వెళ్తుంది, తప్పినది మొదటి అరకు తిరిగి వస్తుంది. మొదటి అరను రోజూ, మిగిలినవాటిని మూడు, ఏడు, పదిహేను, ముప్పై రోజులకు ఒకసారి తీసేవాడిని.

ఇక మీ విషయానికి వస్తే, రోజుకు నలభై మాటలను పన్నెండుకు తగ్గించండి. గత నెలలో చదివిన మాటలను పారవేయకండి. వాటిలో పాత ప్రశ్నపత్రాల్లో కనిపించినవాటిని మాత్రమే ఏరి, ఒక్కోదానికి సొంత వాక్యం రాసి మొదటి అరలో వేయండి. ఆ పని పూర్తయ్యే వరకు కొత్త జాబితా ఏదీ తెరవకండి. నాకు ఆ ఏరివేతకు తొమ్మిది రోజులు పట్టింది.