ఆపరేషన్ అయ్యాక నొప్పి మందులు వద్దంటున్నారు.. ఎలా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు, బీపీ ఉంది. మూడు రోజుల క్రితం పేగు ఆపరేషన్ అయింది. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. నొప్పికి మూడు రకాల మందులు రాశారు. అలవాటైపోతాయని భయపడి ఆయన నొప్పి ఓర్చుకుంటున్నారే గానీ వేసుకోవడం లేదు. నిజంగా అన్ని అవసరమా?
- ఒక పాఠకురాలు

జవాబు: పొట్ట మీద కోత ఉన్నప్పుడు ఓర్పు మంచిది కాదమ్మా. నొప్పికి జడిసి గట్టిగా ఊపిరి తీసుకోరు, దగ్గరు, మంచం దిగరు. దాంతో ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా రావొచ్చు, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టొచ్చు. ‘నొప్పి పదికి ఎంత?’ అని నర్సు అడిగితే కదలకుండా పడుకున్నప్పటి సంగతి కాదు, దగ్గినప్పుడు, లేచినప్పుడు ఎంతో చెప్పమనండి. ఆయన వేసే అంకె కంటే గట్టిగా దగ్గగలుగుతున్నారా లేదా అన్నదే నేనైతే ముందు చూస్తాను.

ఇక మూడు రకాలు ఎందుకంటే, ఒక్కోటి ఒక్కో విధంగా పనిచేస్తుంది. కలిపి ఇస్తే మార్ఫిన్, ట్రమడాల్ లాంటి బలమైనవి తక్కువ మోతాదులో సరిపోతాయి. చాలామందికి పారాసిటమాల్‌తోనే మొదలుపెడతాం. పెద్దవాళ్లకు గ్రాము చొప్పున ఆరు గంటలకోసారి, రోజుకు 4 గ్రాములు దాటకుండా ఇస్తాం. బరువు 50 కిలోల లోపున్నా, లివర్ జబ్బున్నా ఇంకా తగ్గిస్తాం. నొప్పి ముదిరాక తగ్గించడం కష్టం కాబట్టి, రాసిన వేళకు వేసుకోవడమే మేలు.

నాకు ఎక్కువ ఆలోచన పెట్టేవి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం మందులు. ఈ వయసులో అవి కిడ్నీలను దెబ్బతీయొచ్చు, కడుపులో పుండు చేయొచ్చు. కొన్ని బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి తోడైతే ముప్పు పెరుగుతుంది. ఆయన రోజూ వాడే మాత్రలన్నీ డాక్టరుకు చూపించండి. నిద్రమాత్రలు, డిప్రెషన్ మందులు ఉంటే అవి కూడా దాచొద్దు.

అలవాటు భయం సంగతి. డాక్టర్ల కనుసన్నల్లో కొద్దిరోజులు వాడి, నొప్పి తగ్గేకొద్దీ తగ్గిస్తూ ఆపేస్తే ఆ ముప్పు తక్కువ. గతంలో మద్యం, మత్తుమందుల అలవాటు ఉంటే మాత్రం ముందే చెప్పాలి. మార్ఫిన్ రకం మందులతో మలబద్ధకం, వికారం, మగత మామూలే. పేగు ఆపరేషన్ కాబట్టి విరేచనం కాకపోయినా, పొట్ట ఉబ్బినా చెప్పండి. లేపినా సరిగా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా ఆ క్షణమే నర్సును పిలవండి. బటన్ నొక్కితే మందు ఎక్కే పంపు పెట్టి ఉంటే ఆ బటన్ ఆయనే నొక్కాలి. నిద్రపోతున్నారు కదా అని, ప్రేమకొద్దీ అయినా సరే, మీరు నొక్కకూడదు.

మందు వేసుకున్నా నొప్పి ఒక్కసారిగా పెరిగితే, జ్వరం లేదా పొట్ట బిగుసుకుపోవడం కనిపిస్తే మోతాదు పెంచమని అడగడంతో సరిపెట్టుకోవద్దు. లోపల కుట్టు దగ్గర ఏమైనా తేడా వచ్చిందేమో సర్జన్ వచ్చి చూడాలి.