వెనక బ్రేకులు సరిగా పట్టడం లేదా?

ప్రశ్న: మా పికప్‌కి వెనక కొత్త బ్రేక్ షూలు, వీల్ సిలిండర్లు వేయించాం. లైన్లలో గాలి కూడా తీయించాం. అయినా వెనక బ్రేకులు సరిగా పట్టడం లేదు. పెడల్ మొదటిసారి లోతుగా దిగుతుంది, వెంటనే మళ్లీ తొక్కితే పైనే గట్టిగా ఆగుతుంది. హ్యాండ్ బ్రేక్ బాగా పైకి లాగితేగానీ పట్టదు. ఈమధ్యే వెనక కమాన్లలో ఒక పట్టీ అదనంగా వేయించాం. లోపం ఎక్కడుంది?

జవాబు: గాలి మిగిలి ఉంటే పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటుంది. రెండో తొక్కుకు గట్టిగా ఆగుతోందంటే షూకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువుందని అర్థం. హ్యాండ్ బ్రేక్ పైకి రావడమూ అదే చెబుతోంది. కానీ హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించి ఈ సందును సరిచేయకండి. అలా చేస్తే షూలు తమ చోటికి పూర్తిగా వెనక్కి రావు, షూ అరిగేకొద్దీ సందును తనంతట తానే సరిచేసే ఆటో అడ్జస్టర్ పనిచేయదు.

ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక యాక్సిల్‌ను స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని పని చేయొద్దు. హ్యాండ్ బ్రేక్ దించి, కేబుల్ వదులు చేసి డ్రమ్ములు విప్పండి. దుమ్మును గాలితో ఊదకండి, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. ఒక షూ లైనింగ్ (డ్రమ్ముకు రాసుకునే పొర) పొట్టిగా, రెండోది పొడవుగా ఉండే రకమైతే పొట్టిది బండి ముందువైపు ఉండాలి. ఎడమ, కుడి అడ్జస్టర్ల మరలు ఎదురెదురు దిశల్లో ఉంటాయి. అవి తారుమారైతే సందు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. డ్రమ్ము లోపలి కొలత దాని మీద అచ్చుపోసిన గరిష్ఠ వ్యాసం దాటితే మార్చాల్సిందే. అరిగిన డ్రమ్ములో కొత్త షూ నడుమ భాగం మాత్రమే తగులుతుంది.

డ్రమ్ము ఎక్కించాక అడ్జస్టర్ మీది పళ్ల చక్రాన్ని డ్రమ్ము తిరగకుండా ఆగేదాకా తిప్పి, సన్నగా రాసుకుంటూ తిరిగేదాకా వదులు చేయండి. పెడల్ నాలుగైదుసార్లు తొక్కితే షూలు మధ్యకు సర్దుకుంటాయి. మళ్లీ చూసి సరిచేయండి. కేబుల్ బిగించడం అన్నిటికన్నా చివర.

ఇక ఆ కొత్త పట్టీ సంగతి. చాలా పికప్‌లకు ఛాసిస్ మీద ఒక లోడ్ వాల్వ్, దాన్నుంచి యాక్సిల్‌కు ఒక కడ్డీ లేదా స్ప్రింగు ఉంటాయి. బరువుకు బండి వెనక దిగితే ఈ వాల్వ్ వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది, లేస్తే తగ్గిస్తుంది. పట్టీ వేశాక వెనక భాగం ఎత్తయింది. బరువున్నా వాల్వుకు బండి ఖాళీగానే తోస్తోంది. మీ బండికి ఈ వాల్వు ఉంటే కడ్డీ బిగుసుకుపోయిందేమో చూసి, సర్వీస్ మాన్యువల్ కొలత ప్రకారం, ప్రెషర్ గేజ్‌తో సెట్ చేయించండి. అందాజుగా మార్చడం, కడ్డీని తీగతో కట్టేయడం చాలా ప్రమాదం: ఖాళీ బండి తడిరోడ్డు మీద వెనక చక్రాలు బిగుసుకుపోయి గిర్రున తిరిగిపోతుంది.

ప్రశ్న: గేర్ ఆయిల్ పడ్డ షూలను పెట్రోలుతో కడిగి వాడొచ్చా?

జవాబు: వద్దు. నూనె లైనింగ్ లోపలికి ఇంకిపోతుంది, బ్రేక్ వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. ముందుగా, గేర్ ఆయిల్ బయటికి కారకుండా ఆపే యాక్సిల్ సీల్ మార్చి, ఆ తర్వాత రెండు వైపులా కొత్త షూలు వేయండి. ఒక్కవైపే మారిస్తే బ్రేక్ వేసినప్పుడు బండి ఓ పక్కకు లాగుతుంది.